వైజాగ్‌లో ఏఏ మీటింగ్ దొరికిన తీరు, అది నాకు పనిచేసిన తీరు

బిర్యానీ హోటళ్ళకీ, ఏసీ మెకానిక్‌లకీ అందరూ రివ్యూలు రాస్తారు, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చునే ఈ ఏఏ మీటింగ్‌కి మాత్రం ఎవరూ రాయరు. ఎందుకు రాయరో నాకు తెలుసు, పేరు బయటపడుతుందని భయం. నేనూ నా పేరు రాయడం లేదు. కానీ పద్నాలుగు నెలల కిందట రాత్రి రెండింటికి ఫోన్ పట్టుకుని వైజాగ్‌లో తాగుడు మానేవాళ్ళ మీటింగ్ ఎక్కడ జరుగుతుందా అని వెతుకుతుంటే తెలుగులో ఒక్క మనిషి అనుభవం కూడా కనపడలేదు. కనపడి ఉంటే ఆ రాత్రి నాకు కొంచెం తేలిగ్గా గడిచేది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, మీ ఇంట్లో ఎవరికైనా అవసరం ఉంటే ఓపిక చేసుకుని చదవండి.

నేను గాజువాక ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేస్తాను, ఇరవై రెండేళ్ళుగా అదే పని. మా పనిలో చెయ్యే అన్నం పెడుతుంది. ఆఖరి రెండేళ్ళలో పొద్దున్న షెడ్డుకి వచ్చి కొలతలు చూసే వెర్నియర్ పట్టుకుంటే చాలు, దాని మీద గీతలు ఒకదానితో ఒకటి కలిసేవి కావు, ఊగేవి. రెండు చేతులతో పట్టుకున్నా ఊగేవి. జేబులో ఉన్న క్వార్టర్‌లో సగం గొంతులో పోసుకుని బల్ల కింద కాసేపు కూర్చుంటే అప్పుడు గీతలు నిలబడేవి. 2024 అక్టోబర్‌లో కొత్త మద్యం పాలసీ వచ్చి 99 రూపాయలకి క్వార్టర్ దొరకడం మొదలయ్యాక, డబ్బుల్లేవు అనే చిన్న అడ్డం కూడా పోయింది. ఒకరోజు పంపు హౌసింగ్‌కి బోర్ చేస్తూ, అంటే లోపలి రంధ్రం పెద్దది చేస్తూ, సైజు దాటించేశాను. ఆ ముక్క స్క్రాప్. మా ఓనరు తిట్టలేదు. "రేపట్నుంచి నువ్వు బోరింగ్ ముట్టుకోకు, కుర్రాడు చేస్తాడులే" అన్నాడు, అంతే. ఆ కుర్రాడికి పని నేర్పింది నేను.

మానాలని నాకు లేదా అంటే, ఉంది. అయ్యప్ప మాల మూడేళ్ళు వరసగా వేసుకున్నాను. మాలలో ఉన్న 41 రోజులూ ఒక్క చుక్క ముట్టేవాణ్ణి కాదు, చల్లటి నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, అన్నీ పద్ధతిగా చేసేవాణ్ణి. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రాత్రే మళ్ళీ సీసా. "41 రోజులు ఉండగలిగినవాడివి 42వ రోజు ఎందుకు ఉండలేవురా" అని మా అమ్మ అడిగేది. నా దగ్గర జవాబు ఉండేది కాదు. సింహాచలం తీసుకెళ్ళి అప్పన్న మీద ఒట్టు వేయించింది, నాలుగు రోజులు నిలబడింది. ఎవరో పసరు పోస్తారంటే అదీ తాగాను. చుట్టాలెవరో ఇచ్చిన పొడి మా ఆవిడ నాకు చెప్పకుండా కూరలో కలిపింది. ఆ రాత్రి నేను తాగేసరికి మొహం ఎర్రగా కందిపోయి, గుండె దడదడా కొట్టుకుని, ఊపిరి ఆడక ఆసుపత్రికి పరిగెత్తాల్సి వచ్చింది. దయచేసి ఈ పని ఎవరూ చేయకండి. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే మాత్రల్లో ఒక రకం ఉంది, దాని మీద మద్యం పడితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మనిషికి తెలియకుండా ఇవ్వాల్సిన సరుకు కాదు అది.

ఒక ప్రైవేటు సెంటర్‌లో కూడా పెట్టారు నన్ను, దాని పేరు రాయను. నెలకి ఇరవై ఐదు వేలు తీసుకున్నారు, ఉన్నన్ని రోజుల్లో డాక్టర్ మొహం రెండుసార్లు చూశాను, గేటుకి తాళం. బయటికి వచ్చిన వారానికి మళ్ళీ మొదలు. ఎవరినైనా ఇలాంటి చోట చేర్చేటప్పుడు ఒకటి అడగండి, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో రిజిస్టర్ అయ్యారా లేదా అని. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అది ఉండాలి. కాగితం చూపించమంటే నీళ్ళు నమిలితే అక్కడి నుంచి వచ్చేయండి.

ఇక వెతుకులాట సంగతి. ఆ రాత్రి మొదట 14416కి చేశాను, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడారు. తాగుడు, డ్రగ్స్ కోసం 14446 అని కేంద్ర ప్రభుత్వానిది వేరే నంబర్ కూడా ఉంది. ఫోన్‌లో ఆ అమ్మాయి మొదట అడిగింది మీటింగ్ గురించి కాదు, రోజుకి ఎంత తాగుతారు, పొద్దున్నే వణుకు ఉందా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని. ఉన్నట్టుండి ఆపేయొద్దు, ముందు డాక్టర్‌ని కలవండి అంది. నాలాగా రోజూ తాగేవాళ్ళు పట్టుదల మీద ఒక్కసారిగా ఆపేస్తే 48 గంటల లోపే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి లేనివి కనపడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం, ఒళ్ళు కాలిపోవడం, సమయానికి చూడకపోతే మనిషి పోతాడు. ఇంట్లో గది తలుపు వేసి "వాడే సర్దుకుంటాడు" అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మా బావమరిది నన్ను చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆ పేరు చెప్తే మన వైజాగ్‌లో మనుషులు ఎలా చూస్తారో అందరికీ తెలుసు, నేనూ గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను, మా బావమరిది చెయ్యి వదల్లేదు. వణుకు తగ్గడానికి మాత్రలు రాసి అవి రోజు రోజుకీ ఎలా తగ్గించాలో చెప్పారు, బీ వన్ విటమిన్ ఇంజక్షన్లు ఇచ్చారు. అక్కడి డాక్టర్ అన్న మాటే నన్ను మీటింగ్ దాకా తెచ్చింది. "ఒంట్లోంచి దింపడం వరకు మా పని. దిగాక నిలబడాలంటే నీకు మనుషులు కావాలి. ఏఏకి వెళ్ళు" అన్నారు.

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. ఏఏ ఇండియా వాళ్ళ వెబ్‌సైట్‌లో ఊళ్ళ వారీగా వివరాలు వెతుక్కోవచ్చు. ఇక్కడే నేను తప్పు చేశాను, మీరు చేయకండి. ఫోన్ నంబర్ కనపడింది, కానీ ఫోన్‌లో మాట్లాడటానికి సిగ్గేసి, ఇంకెక్కడో దొరికిన పాత అడ్రస్ ఒకటి పట్టుకుని నేరుగా వెళ్ళిపోయాను. షెడ్డు నుంచి సాయంత్రం బయల్దేరి, సింధియా మీదుగా బస్సులో నిలబడి, చెమటలు కారుతూ, గంట పైన పట్టింది. వెళ్ళేసరికి గేటుకి తాళం. వాచ్‌మన్ బీడీ కాల్చుకుంటూ, "ఆళ్ళా? కరోనాకి ముందే ఎలిపోయేరు కదా ఇక్కణ్నుంచి" అన్నాడు.

ఆ గేటు దగ్గర నిలబడిన సమయం నాకు ఇప్పటికీ ఒళ్ళంతా గుర్తుంది. రోడ్డుకి అవతల వైపు వైన్ షాపు, ఎర్ర లైటు, జనం. మాత్రలు వేసుకుంటూ పదకొండు రోజులైంది తాగి. దేవుడే తాళం వేయించాడు, ఇంకేం చేస్తాం అన్న మాట లోపల్నుంచి వచ్చేసింది. రోడ్డు సగం దాటాను కూడా. డివైడర్ మీద నిలబడి, ఎందుకో, ఆ నంబర్‌కి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తారు. పెద్దాయన గొంతు. అడ్రస్ తప్పని చెప్పాను, ఎక్కడున్నానో చెప్పాను. "ఎదురుగా వైన్ షాపు ఉందా బాబూ?" అని అడిగారు. ఉందండి అన్నాను. "సరే, ఆ వైపు ఎల్లకు. గేటు దగ్గరే ఉండు. ఫోన్ కట్ చెయ్యకు, నేను బండి తీస్తన్నాను" అన్నారు. బండి నడుపుతున్నంతసేపూ చొక్కా జేబులో ఫోన్ ఆన్‌లోనే ఉంది, నాకు గాలి చప్పుడు, హారన్లు వినపడుతున్నాయి, మధ్యమధ్యలో "ఉన్నావా బాబూ" అని అడుగుతున్నారు, "ఉన్నానండి" అంటున్నాను. ఇరవై నిమిషాలకి వచ్చారు. పాత స్కూటీ, తలకి మఫ్లర్. నన్నేమీ అడక్కుండా జేబులోంచి పల్లీ చిక్కీ తీసి చేతిలో పెట్టారు. "ముందు ఇది తిను, తీపి తింటే ఆ గుంజుడు కాస్త తగ్గుద్ది. నాకూ పందొమ్మిదేళ్ళ కింద ఎవరో ఇలాగే పెట్టేరు" అన్నారు.

ఈ రివ్యూలో నేను స్టార్లు వేయాల్సింది దేనికైనా ఉంటే ఆ ఇరవై నిమిషాలకి. ఆయన్ని మేమంతా మేష్టారు అంటాం.

మీటింగ్ ఒక చిన్న స్కూలు గదిలో జరిగింది, ఏ వీధో రాయను, అది అక్కడికి వచ్చే మిగతావాళ్ళ గుట్టు. పిల్లల బెంచీలు, మోకాళ్ళు పట్టవు, బోర్డు మీద ఎక్కాలు ఇంకా చెరపలేదు. పద్నాలుగు మంది ఉన్నారు. నేను ఊహించుకున్నది చింపిరి బట్టల మనుషుల్ని. అక్కడ పోర్టులో పనిచేసేవాళ్ళు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఆటో నడిపే ఆయన, చదువుకుంటున్న కుర్రాడు ఉన్నారు. మొదట ఒక చిన్న ప్రార్థన, మార్చలేని వాటిని ఒప్పుకునే నిబ్బరం, మార్చగలిగిన వాటిని మార్చే ధైర్యం ఇమ్మని. తర్వాత ఒక్కొక్కరూ పేరు చెప్పి, నేను ఆల్కహాలిక్‌ని అని చెప్పి, తమ సంగతి మాట్లాడతారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రారు, సలహాలు ఇవ్వరు. రిజిస్టర్‌లో సంతకం లేదు, ఇంటి పేరు అడగరు, ఆధార్ అడగరు. చేరడానికి ఉండాల్సింది ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. నా వంతు వస్తే నేను మాట్లాడలేదు, తల ఊపాను, పక్కాయనకి వెళ్ళిపోయింది, ఎవరూ ఏమీ అనుకోలేదు.

మూడో మీటింగ్‌లో మాట్లాడాను. మాల సంగతి చెప్పాను, మా అమ్మ అడిగిన ప్రశ్న చెప్పాను. అయిపోయాక బయట టీ తాగుతుంటే మేష్టారు నెమ్మదిగా అన్నారు. "మాలలో నువ్వు ఒక్కడివి ఉన్నావేటి బాబూ? తెల్లారగట్ట లేపేవాడు ఒకడు, పక్కన కూర్చుని భజన చేసేవాళ్ళు పదిమంది, ఎదురొస్తే స్వామీ అని పిలిచేవాళ్ళు, పైన గురుస్వామి. మాల తీసేక నీ పక్కన ఎవరున్నారు?" ఇన్నేళ్ళూ నా సంకల్పంలో లోపం ఉందనుకున్నాను. 42వ రోజు పొద్దున్న నన్ను లేపడానికి ఎవరూ రాలేదు, అంతే జరిగింది. నేను వెతుక్కుంటున్నది మాల తీయక్కర్లేని ఒక గుంపు అని అప్పుడు అర్థమైంది.

ఇదంతా మొదలైన తీరు కూడా అలాగే ఉంటుంది. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో బిల్ అనే షేర్ల వ్యాపారం మనిషి, అప్పటికి తాగుడు మానేసి కొన్ని నెలలే అయింది, వ్యాపారం దెబ్బతిని, హోటల్లో బార్ వైపు కాళ్ళు లాగుతుంటే, ఇంకో తాగుబోతు ఎవరైనా దొరికితే మాట్లాడదామని ఫోన్లు చేసుకుంటూ పోయాడు. దొరికినాయన బాబ్ అనే సర్జన్. ఆ డాక్టర్ ఆఖరిసారి తాగిన రోజుని, జూన్ 10, 1935ని, ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు. మన దేశానికి 1957లో వచ్చింది. డివైడర్ మీద నిలబడి నేను ఫోన్ చేసినప్పుడు నాకు ఈ కథ తెలియదు, తర్వాత విన్నాను, విని ఒక్కసారి ఒళ్ళు జలదరించింది.

అప్పన్న మీద ఒట్టుకీ దీనికీ ఒక తేడా ఉంది. అక్కడ జీవితాంతం తాగనని ప్రమాణం చేశాను, ఆ బరువుకే నాలుగో రోజు కూలిపోయాను. ఇక్కడ ఎవరూ ఒట్టు వేయించలేదు. ఈ రోజు తాగకు, పడుకో, రేపటిది రేపు చూద్దాం అన్నారు. మొదటి నెల నాకు ఈ రోజు అనేది కూడా పెద్దదే, మధ్యాహ్నం భోజనం దాకా, సాయంత్రం షెడ్డు మూసేదాకా అని ముక్కలు చేసుకున్నాను. స్పాన్సర్ అని ఒక సీనియర్‌ని మనమే అడిగి పెట్టుకోవచ్చు, నాకు మేష్టారే. మొదటి మూడు నెలలు రోజూ పొద్దున్న ఏడింటికి ఆయన ఫోన్. ఏం మాట్లాడేవారు కాదు పెద్దగా, టిఫిన్ చేశావా, ఏం టిఫిన్, అంతే.

ఇది నిజంగా పనిచేస్తుందా, లేక భజన లాంటిదేనా అని అడిగేవాళ్ళు ఉంటారు, మా బావమరిదీ అడిగాడు. వాళ్ళమ్మాయి నర్సింగ్ చదువుతోంది, ఆ పిల్ల వెతికి చూపించింది. 2020లో వైద్య పరిశోధనల్ని సమీక్షించే కోక్రేన్ అనే సంస్థ 27 అధ్యయనాలు, 10 వేల మందికి పైగా మనుషుల వివరాలు పరిశీలించి, పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఏఏ, దానివైపు పద్ధతిగా నడిపించే చికిత్స, మిగతా పేరున్న చికిత్సల కంటే మెరుగ్గా ఉన్నాయని తేల్చింది. ఇంకో లెక్క నన్ను ఎక్కువ బాధపెట్టింది. 2019లో ఎయిమ్స్ వాళ్ళు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన సర్వే ప్రకారం మన దేశంలో మద్యానికి బానిసైనవాళ్ళు 38 మంది ఉంటే ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోంది. ఆటోనగర్‌లో మా లైను షెడ్డుల్లో చేతులు వణికే వాళ్ళని నేను మనసులో లెక్కపెట్టుకున్నాను, ఆ ఒక్కడినీ నేనే.

బాగోలేనివి కూడా చెప్పాలి. మొదటిది నేను పడిన అవస్థే, ఎక్కడెక్కడో దొరికే అడ్రస్‌లు పాతవి, గదులు మారుతుంటాయి, కాబట్టి ఫోన్ చేయకుండా వెళ్ళొద్దు. రెండోది ఆడవాళ్ళ సంగతి. ఒకరోజు ఒకావిడ చెల్లెలితో వచ్చారు, గదినిండా మగవాళ్ళని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. మేష్టారు బయటికి వెళ్ళి మాట్లాడి, ఆడవాళ్ళే నడుపుకునే ఆన్‌లైన్ మీటింగ్ వివరాలు తీసి ఇచ్చారు, ఆవిడ మళ్ళీ మా గదికి రాలేదు, అక్కడైనా చేరారని నేను కోరుకుంటున్నాను. తాగే ఆడవాళ్ళు లేరని కాదు, వాళ్ళు గుమ్మం దాటడం మాకంటే పదింతలు కష్టం, మన మీటింగ్‌లు దీని గురించి గట్టిగా ఆలోచించాలి.

మూడోది, ఒకరిద్దరు పాత సభ్యులు "మాత్రలెందుకు, మీటింగ్ చాలు" అంటారు. వినకండి. మందుల విషయం డాక్టర్‌కే వదిలేయాలని ఏఏ పుస్తకాలే చెప్తాయి. నేను మీటింగ్‌కి వెళ్తూనే డాక్టర్ చెప్పినన్ని రోజులు మాత్రలు వేసుకున్నాను. దేవుడి మాట కూడా కొంత వినపడుతుంది, నమ్మకం లేనివాళ్ళకి ఇబ్బంది అనిపించవచ్చు. మా గ్రూపులో దేవుణ్ణి నమ్మని ఆయన ఒకరున్నారు, మీటింగ్‌లో దేవుడికి బదులు చెప్పుకునే ఉన్నత శక్తి అంటే ఆయనకి ఆ గదే. అలా అనుకుని తొమ్మిదేళ్ళుగా తాగకుండా ఉన్నారు. ఇంకా, ఒకే మీటింగ్ చూసి తేల్చుకోవద్దు. నేను వెళ్ళిన రెండో గ్రూపులో ఇంగ్లీషు ఎక్కువ, నాకు సగం అందలేదు, ఏడుపు మాత్రం వచ్చింది, ఎందుకంటే అందరూ నవ్వుతుంటే నాకు అర్థం కావడం లేదు. మన కష్టం మన భాషలో చెప్పుకోగలిగిన చోటు దొరికేదాకా మూడు నాలుగు చూడండి.

డబ్బు విషయం. ఫీజు లేదు. చివర్లో చిన్న డబ్బా తిప్పుతారు, పది వేయొచ్చు, వేయకపోవచ్చు. నాకు ఏడాది నిండిన రోజు మా ఆవిడ మాడుగుల హల్వా తీసుకుని వచ్చింది. ఆ రోజు ఓపెన్ మీటింగ్, అంటే ఇంట్లోవాళ్ళు కూడా కూర్చోవచ్చు, క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే. డబ్బా తన దగ్గరికి రాగానే కొంగుముడి విప్పి వెయ్యి రూపాయలు వేయబోయింది. పక్కాయన చెయ్యి అడ్డం పెట్టి, "వద్దమ్మా, సభ్యులు కానివాళ్ళ దగ్గర తీసుకోకూడదు, అది మా నియమం" అన్నారు. ఏ ప్రభుత్వం దగ్గరా, ఏ దాత దగ్గరా తీసుకోరట. మా ఆవిడ ఆ నోట్లు మళ్ళీ ముడి వేసుకుంటూ ఏడ్చింది. నన్ను బాగు చేస్తామని ఇన్నేళ్ళూ చెయ్యి చాపినవాళ్ళనే చూసింది తను.

తన కోసం కూడా ఒకటి ఉంది. అల్-అనాన్ అని తాగేవాళ్ళ కుటుంబాలకి విడిగా, 1951లో ఆ బిల్ భార్యే ఇంకొకావిడతో కలిసి మొదలుపెట్టింది. మా ఆవిడ వారానికి ఒకరోజు రాత్రి వంటగదిలో ఫోన్ పెట్టుకుని ఆన్‌లైన్‌లో కూర్చుంటుంది. అక్కడ ఏం మాట్లాడుకుంటారో నేను అడగను. కూరలో పొడి కలిపిన సంగతి అక్కడే మొదటిసారి చెప్పిందని, చెప్పాక ఆ రాత్రి నిద్ర పట్టిందని మాత్రం నాతో అంది.

లేత్ మీద బోరింగ్ పని మళ్ళీ నాకే ఇచ్చారు, ఆరు నెలలు నిండాక. మొదటి ముక్క కొలిచేటప్పుడు ఓనరు వచ్చి పక్కన నిలబడ్డాడు, వెర్నియర్ ఆయన చేతికిచ్చాను, చూసి తిరిగి ఇచ్చేసి వెళ్ళిపోయాడు.

గాజువాక, కూర్మన్నపాలెం వైపు నుంచి సాయంత్రం మీటింగ్‌కి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. వెళ్ళేటప్పుడు ఉండే ఊపు వేరు, తిరిగొచ్చేటప్పుడు ఒంటరిగా ఉంటాం. మా మీటింగ్ అయ్యేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది, బస్సు కోసం నిలబడే స్టాపు పక్కనే వైన్ షాపు. ఎవరైనా బండి మీద దింపుతారేమో మొహమాటపడకుండా అడగండి, దింపుతారు. ఎవరూ దొరకని రోజు నేను ఒక స్టాపు వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి అక్కడ ఎక్కుతాను. ఏడెనిమిది నిమిషాల నడక. అక్కడైతే సీటు కూడా దొరుకుతుంది.